మా బావి ఊట

నేను అంగన్‌వాడీ టీచర్ని. పొద్దున లేవగానే ముందు బావిలోకి తొంగి చూస్తాను, ఆ తర్వాతే మొహం కడుక్కుంటాను. మధ్యాహ్నం పిల్లలకు అన్నం, పప్పు వండాలి, చేతులు కడిగించాలి, గిన్నెలు తోమాలి. ఇంటింటికీ నల్లాలు బిగించారు గానీ గుట్టెక్కి మా దాకా వచ్చేసరికి ఆ నీళ్ళకు ఓపిక అయిపోతుంది. వచ్చిన రోజు మాకు పండగే. బస్సెక్కితే గోదావరి ఎంతో దూరం లేదు, అయినా మాకేం లాభం? గూడెం మొత్తానికీ మా ఇంటి ముందున్న చేదబావే దిక్కు.

గుట్ట అవతల బొగ్గు గని వస్తుందని విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. అడవిలో జెండాలు పాతారు. బోరు బండ్లు వచ్చి భూమిని తొలిచి, రాతి ముక్కలు పెట్టెల్లో సర్దుకుని వెళ్ళిపోయాయి. గని లోతుకు పోయేకొద్దీ చుట్టుపక్కల నీళ్ళన్నీ అందులోకే దిగుతాయి. వాటిని మోటార్లతో తోడి బయట పోస్తేగానీ బొగ్గు తీయలేరు. మా పిన్ని వాళ్ళ ఊరి పక్కన అలాంటి గనే ఉంది. వాళ్ళ బావిలో ఇప్పుడు చెత్త వేస్తున్నారు. ఆ బావి గుర్తొస్తే నాకు అన్నం సహించదు.

గని మొదలయ్యే లోపు కొన్ని గూడేలకు వేరే పైపు వేసి నీళ్ళిస్తారట. ఎవరికి ముందు వేయాలో తేల్చడానికి బావులు కొలిచే సారు వస్తున్నాడని కబురొచ్చింది. ఆ పైపు మాకు రాకపోతే, రేపు గని తవ్వాక ఈ పిల్లలకు ఏం తాగించాలి? నా భయమంతా అదే.

సారు వచ్చే ముందు రెండు రోజులు నేను మీటింగుకని దుమ్ముగూడెంలోనే ఉండిపోయాను. రెండో రోజు సాయంత్రం తిరిగొచ్చి చూస్తే ఆడవాళ్ళంతా వాగు నుంచి బిందెలు మోస్తున్నారు. వాగంటే ఎండిపోయిన వాగే. ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళను గిన్నెతో ముంచి బిందె నింపుకోవాలి. మా బావి దగ్గర మాత్రం ఒక్క మనిషి లేదు. బొక్కెన తాడు చుట్టి గిలకకు తగిలించి ఉంది.

"ఏందత్తా ఇది?" అన్నాను.

"రేపు పెద్దోళ్ళు వస్తున్నరు గద పిల్లా. నిన్నటి సంది బాయి ఎవ్వర్నీ ముట్టనియ్యలే. నిండుగ కనబడాలె" అంది మా అత్త.

ఇది మా గూడెం ఆనవాయితీ. పిల్లనివ్వడానికి వచ్చేవాళ్ళు కాళ్ళు కడుక్కోకముందే బావిలోకి చూస్తారు. అడుగు కనబడిందా, పరువు పోయినట్టే. అందుకని సంబంధం వాళ్ళు వస్తున్నారంటే గూడెమంతా చెలమ నీళ్ళతో సరిపెట్టుకుని బావిని నిండనిస్తుంది. మా నాయన కూడా అలా నిండిన బావిని చూసే మురిసిపోయి నన్నిచ్చాడు. అసలు సంగతి పెళ్ళయిన మొదటి వేసవిలో నాకు తెలిసొచ్చింది.

"వాళ్ళు పిల్లనియ్యనీకి వస్తలేరత్తా" అన్నాను ఒళ్ళు మండి. "నీళ్ళున్నయంటే మనకు పైపు ఎవడేస్తడు?"

"నీళ్ళు లేని గూడెమని మన నోటితోని మనమే చెప్పుకుంటమా?" అని ఆమె బిందె ఎత్తుకుంది. మాట మీద మాట పెరిగింది తప్ప బొక్కెన నా చేతికి రాలేదు.

తెల్లారి జీపు వచ్చింది. సారు బావిలోకి టేపు వదిలి కొలిచి, "ఎండాకాలంల గూడ మంచిగున్నయే" అన్నాడు.

"మాకేం కొరత లేదు బిడ్డా" అంది మా అత్త, మొహం ఇంత చేసుకుని.

ఇక ఆగలేక, "సార్, నిన్నా మొన్నా ఎవరూ తోడలే" అన్నాను.

"తోడకుండ కొలవడమే పద్ధతమ్మా" అని ఆయన నవ్వాడు.

"మా బాయిల నీళ్ళు నిలబడ్తయ్ సార్, జల్దీ ఊరవు. అందరం ఒక్కపూట తోడితే మళ్ళ బురదే. మంచిగున్నయని రాస్తే మాకు పైపు వేస్తరా?"

"నీళ్ళున్న గూడెం వెనకకు పోతదమ్మా" అన్నాడు. మా అత్త మొహం అప్పుడు చూడాలి. ఆయన టేపు చుట్టుకుంటూ, "సరే, బావి ఖాళీ చెయ్యండి. రేపొచ్చి ఎంత ఊరిందో కొలుస్త. అప్పటిదాక ముట్టుకోవద్దు" అని జీపెక్కాడు.

తాడు విప్పింది మా అత్తే. బిందెలు, డ్రమ్ములు, పశువుల తొట్లు నింపుకుంటూ అడుగున బురద తేలేదాకా తోడాం.

మర్నాడు ఆయన రాలేదు. ఫోన్ చేస్తే వేరే మండలంలో పని పడిందని, ఎన్ని రోజులకు ఎంత ఊరిందో అదే రాసుకుంటానని, బావి మాత్రం ముట్టవద్దని అన్నాడు. ఆ మర్నాడూ రాలేదు. పట్టి పెట్టుకున్న నీళ్ళు అయిపోయాయి. ముంచి ముంచి చెలమలో తడి ఇసుక మిగిలింది. మా అత్త బావి పక్కనే కూర్చుని, దగ్గరికొచ్చిన వాళ్ళనల్లా కసురుతూ కాపలా కాసింది. అడుగున కాసిని నీళ్ళు ఊరాయి. వాటిని చూస్తుంటే నాకు నోరు ఇంకా ఎండిపోయేది.

ఆ తర్వాతి మధ్యాహ్నానికి సెంటర్లో బియ్యం కడగడానికి కూడా నీళ్ళు లేవు. ఒక చిన్నది ఖాళీ గ్లాసు పట్టుకుని నా చీర లాగుతోంది. బిందె తీసుకుని బావి దగ్గరికి వెళ్ళాను గానీ, "ఇంకొక్క పూట ఆగుదామా అత్తా? ఇప్పుడు తోడితే మన పైపు పోతది" అన్నాను. ఏడుపొస్తోంది నాకు.

ఆమె నా వైపు కోపంగా చూసింది. "నీళ్ళు లేవని వాళ్ళకు చూపెట్టనీకి పిల్లల నోళ్ళు ఎండబెడ్తమా? తియ్యి బొక్కెన."

తోడాను. చీర కొంగుతో రెండుసార్లు వడగట్టి పొయ్యి మీద పెట్టాను. వండుతున్నంతసేపూ నా చెవులు రోడ్డు మీదే ఉన్నాయి. ఏ బండి శబ్దం వినబడినా గరిట వదిలి గుమ్మంలోకి పరిగెత్తాను.

ఆ సారు ఇంకా రాలేదు. ఫోన్ చేసినప్పుడల్లా వస్తాననే అంటాడు. ఆయన కొలవాల్సిన నీళ్ళు మేం రోజూ తాగేస్తున్నాం.