హారన్ మోగని ఊరు

అతని పేరు నాకు తెలియదు. చోడవరం నుంచి చీడికాడ వెళ్ళే బస్సులో నా పక్క సీటులో ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నమే మబ్బు కమ్మి, నేను చదువుతున్న పుస్తకంలో అక్షరాలు మసకబారాయి. దారిలో ఒక ఊరి దగ్గర బస్సు ఆగగానే అడిగాడు.

"మీకు హారన్ ఇనబడిందాండి?"

పిడుగులు పడే ముందు పొలాల్లో ఉన్నవాళ్ళను హెచ్చరించడానికి ఊరూరా హారన్లు పెట్టారు. వినబడలేదని తల అడ్డంగా ఊపాను. అతను గబగబా ల్యాప్‌టాప్ తెర మీద ఆ ఊరి హారన్ వివరాలు చూశాడు.

"కొండల కాడ సిగ్నల్ తక్కువని, హారన్లకెళ్ళే మెసేజుల్ని కుదించి పంపిస్తన్నామండి. నిన్ననే కుదించే పద్ధతి మార్చేను. ఇక్కడ హారన్‌కున్నది పాత బాక్సు. మెసేజ్ అందిందనే సెప్తంది, కానీ దాన్ని విప్పలేకపోతంది."

కిటికీలోంచి తల బయటపెట్టి, వరినాట్లు వేస్తున్న ఆడవాళ్ళను చూసి అరిచాడు. "అమ్మా, ఇళ్ళకెళ్ళిపోండి! పిడుగులు పడతాయి!"

"హారన్ మోగనేదు కదా బాబూ! మోగితే మేమే ఎల్తాం" అందొకామె. ఇంకొకామె నవ్వింది. "ఏటే ఈ గుంటడు, మనకి సెలవిచ్చేస్తన్నాడు!"

హారన్లు రాకముందు మా అమ్మావాళ్ళు మబ్బు రంగు చూసే పొలం గట్టెక్కి ఇంటిదారి పట్టేవారు.

అతను ల్యాప్‌టాప్ సీటులోనే వదిలేసి దిగిపోయాడు. కండక్టర్ పిలుస్తున్నా వినలేదు. బస్సు కదిలింది. వెనక అద్దంలోంచి చూశాను. చేతులూపుతూ గట్టు మీద పరుగెడుతున్నాడు. అతన్ని చూడడానికి ఆడవాళ్ళందరూ నడుములెత్తి, నవ్వుతూ నిలబడ్డారు. ఆ పొలంలో వాళ్ళకన్నా ఎత్తయినది ఇంకేదీ లేదు.