సున్నం పళ్లెం

కావేరిపట్టణం దగ్గర ఆ కోళ్ల షెడ్డు పిల్లమ్మ ఒంటి చేత్తో నిలబెట్టింది. కోడిపిల్లల్నీ మేతనూ కంపెనీ ఇస్తుంది, పెంపకం ఆమెది. గుమ్మం ముందు సున్నం పళ్లెం పెట్టింది. బయటి తెగులు లోపలికి రాకుండా, అందులో కాలు ముంచనిదే ఎవరూ లోపలికి పోకూడదు.

ఆ ఉదయం కోడిపిల్లలు రెక్కలు వేలాడేసి మూలల్లో ముడుచుకున్నాయి. రెట్టలో నెత్తురు పడింది. కంపెనీ డాక్టరు పూర్ణిమ వచ్చి, చచ్చిన పిల్లను కోసి ఎర్రబారిన పేగు చూపించింది.

"కాక్సిడియా అనే సూక్ష్మజీవి అమ్మా. కంటికి కనిపించదు. పేగులోని కణంలో దూరి కూర్చుంటుంది. దాని ఒంటికి కావలసిన కొవ్వంతా సొంతంగా చేసుకోలేదు. ఆ కణం దగ్గరున్న కొవ్వునే లాక్కుని సంతానాన్ని పెంచుకుంటుంది. చివరికి కణాన్నే పగలగొట్టుకుని పక్కదాంట్లోకి పోతుంది."

"తిండి పెట్టినోళ్ల ఇంటినే కూల్చేసి పోతుందా!"

"దాని గుడ్లు రెట్టతో పొట్టులో పడి, తడి తగిలితే ముదురుతాయి. పాత వరిపొట్టు ఎక్కడ వేశారు?"

పిల్లమ్మ మొగుడు మునివెంకటప్ప వైపు తిరిగింది. పోయిన విడత కోళ్ల కింద పరిచిన పొట్టును, మామిడిచెట్లకు ఎరువని, అతను గుమ్మం పక్కనే కుప్ప పోశాడు. దూరంగా వేయమని ఆమె మొత్తుకుంది. వానకు కుప్ప తడిసింది. దాన్ని తొక్కిన చెప్పులతోనే అతను మేత వేయడానికి లోపలికి పోతున్నాడు.

"ఏమయ్యా, సున్నంలో కాలు పెట్టేకి ఏమొచ్చె నీకు?"

"కొత్త చెప్పులే. పాడైపోతాయి."

"చెప్పులు బాగుండాయి. కోళ్లే చస్తా ఉండాయి."

"నీళ్లలో మందు కలపండి," అంది పూర్ణిమ. "కింద తడి ఉండకూడదు. ఆ కుప్ప మట్టి మళ్లీ లోపలికి రాకూడదు."

ఈ విడత పోతే కంపెనీ మళ్లీ పిల్లల్ని ఇవ్వదని పిల్లమ్మకు తెలుసు.

"కుప్ప ఎత్తను సాయంత్రం ట్రాక్టరు వస్తుందిలే. ఎరువే గదా, విషమా?" అన్నాడు మునివెంకటప్ప. చెప్పులు విడిచి కాఫీకి ఇంట్లోకి పోయాడు.

పిల్లమ్మ గంప ఎత్తింది. కుప్పంతా తోటలోకి మోసి, స్నానం చేసి, చీర మార్చుకుంది. సున్నంలో కాళ్లు ముంచి లోపలికి పోయి నీళ్లలో మందు కలిపింది. అంతలో అతను మేతమూటతో గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"ఆడనే దించి పో."

"నా చెప్పులు యాడ?"

"పళ్లెంలో ఉండాయి."

అతను వంగి చూశాడు. రెండూ సున్నంలో మునిగి తెల్లబడి ఉన్నాయి.

"ఈ షెడ్డు నాది గూడానే!"

"కోళ్లు బతికినాక చెప్పు ఆ మాట."

తలుపు మూసి లోపల గడియ పెట్టింది. ఒక పిల్ల నీళ్లలో ముక్కు పెట్టింది. పిల్లమ్మ మొగుణ్ణి తిట్టుకుంటూనే పార తీసుకుని, పిల్లల కింది పొట్టు తడి ఆరేలా తిరగేయసాగింది.