బుగ్గకి ఆనించని పూలకుండీ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. (చేతకాని పనులు బోలెడుండేవి, కానీ వాటిని నేను లెక్కలోకి తీసుకునేవాణ్ణి కాదు.) తొంభైల చివర్లో విశాఖలో ఫైన్ ఆర్ట్స్ చదివేటప్పుడు, మట్టిపని క్లాసులో నా ముద్దుపేరు డిక్షనరీ. మట్టిలో గాలి బుడగలు పోయేలా పిసికితే వెడ్జింగ్, తిరిగే సారె మీద ముద్దని నడిమధ్య నిలబెడితే సెంటరింగ్, తోలులా గట్టిపడితే లెదర్ హార్డ్, ఎముకలా పూర్తిగా ఆరితే బోన్ డ్రై, మొదటి కాల్పు బిస్క్. నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేవాణ్ణి. మా నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర పనిచేసేవారు. "ఇనుము కరిగించే ఇంట్లో పుట్టాను, మట్టి కాల్చడం నాకో లెక్కా!" అని గాజువాక షేర్ ఆటోల్లో కూడా కోతలు కోసేవాణ్ణి.

సారె నేర్పడానికి పద్మనాభం అనే ఊరి నుంచి రోజూ బస్సులో ఓ కుమ్మరి తాత వచ్చేవాడు. ఆయన చెయ్యి వేస్తే మట్టి మాట వినేది. నేను వేస్తే గింగిరాలు తిరిగి పక్కవాడి చొక్కా మీద పడేది. "తాతా, సెంటరింగ్ కుదరడం లేదు" అంటే, "దానికి ఇంగ్లీసు రాదు బాబూ. మోసెయ్యి తొడకి ఆన్చి కదలకుండా కూకో" అనేవాడు. కాల్పుకి ముందు ప్రతి కుండనీ బుగ్గకి ఆనించి చూసేవాడు. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టు. తడి కుండ కొలిమిలో పేలుతుంది. ఈ పని నాకు మహా నామోషీగా ఉండేది. ఎదురుగా ఆడపిల్లలు కూర్చుని ఉంటే, కుండకి ముద్దు పెడుతున్నట్టు ఆ భంగిమ ఏమిటి? ఆరితే రంగు పాలిపోతుందని పుస్తకంలో ఉంది కదా, నాకు కళ్లు లేవా!

పరీక్ష కోసం నేనో పూలకుండీ చేశాను. గోడలు ఎలాగో లేచాయి గానీ అడుగు అంగుళన్నర మందం. (కూలిపోతుందన్న భయంతో మట్టి తియ్యలేదు. దానికి గాంభీర్యం అని పేరు పెట్టుకున్నాను.) సరిగ్గా అప్పుడే తాత మనవరాలి పెళ్లి దగ్గరపడింది. పెళ్లికి కుమ్మరి ఇంటి నుంచి అరివేణి కుండలు రావాలి, అవి లేనిదే పందిట్లో పని సాగదు. పెళ్లికూతురి తాతే కుమ్మరాయె, వేరే ఇంటి కుండ తెస్తే పరువేం కాను? వానలకి ఊళ్లో కుండలు కాల్చే ఆవం తడిసి ముద్దయింది. అందుకని మా క్లాసు మాస్టారిని అడిగి, తన రెండు కుండల్నీ మా కరెంటు కొలిమిలోనే పెట్టుకున్నాడు. వాటిని సర్దుతూ, పూలకుండీతో నిలబడ్డ నన్ను చూసి, "బుగ్గకి ఎట్టి సూసినావా?" అన్నాడు.

"చూశాను తాతా. బోన్ డ్రై."

"సరే, సదువుకున్నోడివి. పక్కనెట్టు మరి."

మధ్యాహ్నానికి కొలిమిలో ఢామ్మంది. మర్నాడు చల్లారాక తీస్తే, నా గాంభీర్యం పెంకులు పెంకులై నాలుగు మూలలా ఉంది. పోతూ పోతూ రెండు అరివేణి కుండల్నీ తీసుకుపోయింది. డిక్షనరీగారు వంగి పెంకులు ఏరారు. తాత ఓ మందపాటి పెంకు తీసి అటూ ఇటూ తిప్పాడు.

"బుగ్గకి ఎట్టినానన్నావు కదేటి బాబూ?"

"పెట్టలేదు తాతా. సిగ్గేసింది."

"కుండకాడ సిగ్గేటి? ఇప్పుడు నాను పెళ్లోళ్లకి ఏటి సెప్పాల?"

తిట్టినా బాగుండేది. ఆయన తిట్టకుండా వెళ్లి సారె ముందు కూర్చుని మళ్లీ రెండు కుండలు తీశాడు. పెళ్లి వారంలో ఉంది. సముద్రపు గాలికి మా ఊళ్లో మట్టి ఓ పట్టాన ఆరదు, ఆపైన వాన. నన్ను కుండల దగ్గర కూర్చోబెట్టి, "గంటగంటకీ తిప్పు. సల్లదనం పోయినప్పుడు సెప్పు. కన్నుతో కాదు, బుగ్గతో" అన్నాడు. ఐదు రోజులు, అందరి ముందూ, ఆ బుగ్గా ఈ బుగ్గా మార్చి ఆనించాను. "ముహూర్తం ఎప్పుడు బావా?" అని మావాళ్లు ఒకటే గోల. ఇంటికెళ్తే మా అమ్మ నా బుగ్గల మీద మట్టి చూసి "ఇదేం పౌడరురా?" అంది. నాన్న పేపరు దించకుండానే, "ఇన్నేళ్ల సర్వీసులో మా కొలిమి ఒక్కసారీ పేలలేదురా" అన్నారు.

ఐదో రోజు పొద్దున్న బుగ్గకి చలి తగల్లేదు. నమ్మకం లేక పదిసార్లు ఆనించి చూసి, అప్పుడు పరిగెత్తాను. బోన్ డ్రై అన్న మాటకి అర్థం నాకు తెలిసింది ఆ పూటే. కుండలు క్షేమంగా కాలాయి, సున్నం పూసుకుని, బొమ్మలు వేయించుకుని వేళకి పందిట్లోకి వెళ్లాయి. భోజనాల దగ్గర తాత నన్ను పెళ్లివారికి చూపించి, "మా కుండలు ఆరబెట్టింది ఈ బాబే" అన్నాడు. పగలగొట్టింది ఎవరో చెప్పలేదు. సిగ్గుతో ముద్ద దిగలేదు. (బూరెలు మాత్రం దిగాయి.)

నేను కళాకారుణ్ణి కాలేదు, గుమాస్తానయ్యాను. ఇప్పటికీ వానాకాలంలో మేడ మీద ఆరేసిన బట్టలు తీసేటప్పుడు ప్రతి చొక్కానీ బుగ్గకి ఆనించి చూస్తాను. పక్క మేడల మీద ఎవరున్నారో పట్టించుకోను. "ఏటండీ అది, సొక్కాలకి ముద్దులు?" అని మా ఆవిడ నవ్వుతుంది.

"ఇంకా చల్లగానే ఉంది. ఇంకో గంట ఉంచుదాం" అంటాను.

ఎంత తేలిక మాట! ఆ రోజు తాతతో అనాల్సింది కూడా ఇదే.