బస్తాకు ఎదురు కూర్చున్న ఆదిశేషమ్మ

కోడలు అత్తను పొగిడితే లోకం నమ్మదు. నమ్మకపోతే పోయింది. మా అత్త ఆదిశేషమ్మ లాంటి మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

మాది ఇందుకూరుపేట దగ్గర పల్లె. ఇటు మాగాణి, అటు రెండు మైళ్లు నడిస్తే సముద్రం. మామ పోయాక పన్నెండెకరాల సేద్యం అత్తే చేయించింది. ఏటా నాట్లు మొదలయ్యే రోజు కూలీలకంటే ముందు తనే మడిలో దిగి మొదటి నారుకట్ట విప్పేది. వేసేది మొలగొలుకుల వరి. ఆ అన్నం విస్తట్లో పడితే మా అత్తకు కూర ఒక సాకు మాత్రమే.

1961 ఎండాకాలంలో ఆమె కుడికాలి బొటనవేలికి ముల్లు గుచ్చుకుని పుండైంది. నెల దాటినా మానలేదు. నెల్లూరు తీసుకెళ్లాం. అత్త మరిది, అంటే మా చినమామ జయరామయ్య, తోడు వచ్చాడు. డాక్టరు గాజుగొట్టంలో నీలం మందునీళ్లు పోసి, అత్త మూత్రం కొన్ని చుక్కలు వేసి, దీపం మీద కాచాడు. నీలం పోయి ఇటుక రంగు తిరిగింది. చక్కెర జబ్బన్నాడు. చినమామ నవ్వులాటకు తనదీ చూపించుకున్నాడు. అదీ ఇటుక రంగే. ఆయన నవ్వు అక్కడితో ఆగిపోయింది.

డాక్టరు ఇద్దరికీ మాత్రలు రాశాడు. "అన్నం మానాలి, ఒళ్లు తగ్గాలి. ఆదిశేషమ్మగారూ, మూడు నెలలు చూస్తాను. పుండు మానకపోతే వేలు తీసేయాల్సి వస్తుంది. అందాకా బురదలో కాలు పెట్టొద్దు" అన్నాడు.

బస్సులో అత్త కట్టు కట్టిన కాలు ఒళ్లోకి లాక్కుని చూసుకుంది. "బొటనవేలు ల్యాకుంటే గట్టు మీద నిలబడేదెట్టా అమ్మాయ్?" అంది.

చినమామ ఎక్కడినుంచో ప్రకృతి వైద్యం పుస్తకం సంపాదించాడు. "ఆకూ కాయా పప్పూ తప్ప ఏదీ ముట్టను వదినా. చేప మానేసినా, నెయ్యి మానేసినా. నువ్వూ మానెయ్" అన్నాడు.

"ఆకులు మేసేదానికి నేనేమన్నా మేకనా?" అంది అత్త. "అన్నం ఒక్కటే మానతా. చేప మానను. ఎవరి ఒళ్లు తగ్గుతాదో చూస్తాం పా."

పందెం పడింది. మా ఊరి బియ్యం మిల్లులో బస్తాలు తూచే పెద్ద త్రాసు ఉంది. ఒక పళ్లెంలో వడ్ల బస్తా వేసి, రెండో పళ్లెంలో ముందు చినమామ కూర్చున్నాడు. దబ్బున నేలకు దిగాడు. తర్వాత అత్త. ఆమె పళ్లెమూ దబ్బున దిగింది. మిల్లు కూలీలు మొహాలు అటు తిప్పుకుని నవ్వారు. "నవ్వండ్రా. మూడు నెలలకు మళ్లా వస్తా" అని కుంటుకుంటూ వచ్చేసింది.

ఇక నా తెలివి చెప్పాలి. మా ఇంట్లో శనివారం వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు. రాత్రి అన్నం ముట్టం, ఫలహారం చేస్తాం. తరతరాలుగా అన్నం మానడమంటే మాకు అదే పద్ధతి. అత్త రోజూ శనివారం చేసింది. పొద్దున ఇడ్లీలో దోసెలో, మధ్యాహ్నం చేపల పులుసుతో ఆరేడు దోసెలు, రాత్రి బియ్యపు రవ్వ ఉప్మా. అన్నీ చేసిపెట్టింది నేనే. ఎంత నిష్ఠగా ఉందో మా అత్త అని మురిసిపోయిందీ నేనే. ఇప్పుడు తలుచుకున్నా నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నెల తిరిగాక నెల్లూరు వెళ్తే చినమామ గొట్టం ఆకుపచ్చకు వచ్చింది. అత్తది అదే ఇటుక రంగు. పుండు అంచు నల్లబడింది. "చేప తిన్న ఫలం వదినా" అన్నాడు చినమామ. ఇంటికొచ్చి అత్త గాదె పక్కన కూర్చుని ఏడ్చింది. మామ పోయినప్పుడు తప్ప ఆమె కంట నీరు నేను చూడలేదు.

మర్నాడు పొద్దున్నే కామమ్మ వచ్చింది. సముద్రం ఒడ్డున జాలర్లుండే పట్టపుపాలెం నుంచి చేపల తట్ట తెచ్చి మాకు చేపలు వేసి, బదులుగా బియ్యం కొలిపించుకుని పోయే మనిషి. నేను పెనం మీద దోసె తిప్పుతున్నాను. అత్త ముందు నాలుగు అప్పటికే ఉన్నాయి. కామమ్మ తట్ట దించి గుడ్లప్పగించింది.

"అమ్మా, అన్నం మానినావంటివే! ఇదంతా బియ్యమే గదా. మొన్న మీరు పోసిన బియ్యం మా ఇంట్లో నలుగురం తిన్న్యాం. అన్ని బియ్యం నువ్వొక్కదానివే తింటా ఉండావు!"

అత్త చేతిలో ముక్క కిందపడింది. నిజమే. బియ్యం కోసం సముద్రం నుంచి నడిచొచ్చే మనిషికి తెలిసిన లెక్క, గాదెల నిండా పోసుకున్న మాకు తెలియలేదు.

"గాలివాన దినాల్లో బియ్యం దొరక్క ఎండుచేపా ఆకుకూరా తిని బతుకుతాం. చచ్చిపోయినామా?" అంది కామమ్మ. "నేను తెస్తా, నువ్వు తిను."

ఆ రోజు నుంచి రుబ్బురోలు బోర్లించాను. సొరచేప పిట్టు, కవళ్ల చేపల పులుసు, రెండు గుడ్లు, తోటకూర, పొన్నగంటి, వంకాయ, మజ్జిగ. మొదటి వారం అత్తకు కళ్లు తిరిగాయి, నన్ను తిట్టని తిట్టు లేదు. అయినా కూలీలకు తనే అన్నం వార్చి, తనే వడ్డించి, మెతుకు నోట వేసుకోకుండా చేతులు కడుక్కుంది. మాత్రలు తప్పలేదు, రోజూ కట్టు మార్చడం తప్పలేదు. మునులు అడవుల్లో తపస్సు చేశారంటారు. మా అత్త మొలగొలుకుల అన్నం ముందు కూర్చుని చేసింది.

చినమామా తక్కువవాడు కాదు. ఆకులతో నీరసించి, తర్వాత ఉలవలూ పెసలూ గుప్పెడు కొర్రన్నమూ కలుపుకుని నిలదొక్కుకున్నాడు.

మూడో నెల ఇద్దరి గొట్టాలూ దీపం మీదకెక్కాయి. ఇద్దరివీ నీలంగానే ఉండిపోయాయి. అత్త వేలికి కొత్త చర్మం వచ్చింది. "ఎవురిది గెలుపు?" అని ఇద్దరూ ఒకేసారి అడిగారు. డాక్టరు నవ్వాడు. "మీరిద్దరూ మానింది ఒకటే, బియ్యం కుప్ప. ఇద్దరూ పెంచింది ఒకటే, ఆకుకూర. చేపా పప్పూ మీ మీ ఇష్టం. ఏది చివరిదాకా తినగలరో అదే మీ తిండి" అన్నాడు. మడిలో దిగొచ్చన్నాడు, కాళ్లు వెంటనే కడిగి తుడుచుకోవాలన్నాడు.

నెల్లూరు నుంచి ఇంటికి రాలేదు, నేరుగా మిల్లుకే. చినమామ కూర్చుంటే త్రాసు అటూ ఇటూ ఊగి సమానంగా నిలిచింది. తర్వాత అత్త ఎక్కింది. ఎదురు పళ్లెంలో ఆమె పండించిన మొలగొలుకుల బస్తా. బస్తా నేలకు దిగింది. మా అత్త గాలిలోకి లేచింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను మాత్రం ఆమె మొహం చూడలేదు, కాళ్లు చూశాను. గొలుసుల మధ్య గాలిలో వేలాడుతున్న ఆ పాదాలకు పది వేళ్లు. ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

"చూసింది చాలు, దించండ్రా" అని కేక వేసింది అత్త. "నారు ముదిరిపోతా ఉండాది."