నా కంచంలోంచి పిడికెడు

బుధవారం పొద్దున్న మా గుడి గంట ఆగి ఆగి మోగింది. వంట మధ్యలో వదిలేసి వీధిలోకి వస్తే, పాస్టరుగారి భార్య నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారని ఎదురింటివాళ్ళు చెప్పారు. ఆవిణ్ణి మేమంతా అమ్మగారనే పిలిచేవాళ్ళం.

జ్ఞాపకార్థ కూడికలో నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను గానీ, అమ్మగారు నాకు చేసిన మేలు మగవాళ్ళ ముందు చెప్పుకునేది కాదు. మంచి మనిషండి అని మాత్రం అని కూర్చుండిపోయాను. ఆ మాట చాలదని అప్పటినుంచీ మనసు పీకుతోంది. అందుకే మన స్త్రీల సమాజంలోని అక్కచెల్లెళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

పెళ్ళయిన కొత్తలోనే నాకు పీసీఓడీ ఉందన్నారు. నెలసరి సరిగా వచ్చేది కాదు. గడ్డం మీద వెంట్రుకలు. ఎన్ని మందులు వాడినా పిల్లలు కలగలేదు. నలభై దాటి ఆ ఆశ వదులుకున్నాక, ఆ జబ్బుతో కూడా నాకు పని తీరిపోయిందనుకున్నాను. తీరలేదు. నడుము చుట్టూ ఒళ్ళు పెరిగింది. అన్నం తినగానే మత్తు కమ్మేది. మెడ నల్లబడింది. శనగపిండి పెట్టి మంట పుట్టేదాకా రుద్దేదాన్ని. గుడిలో తలమీద కొంగు కప్పుకోవడం నాకు భక్తి ఎంతో, మెడ దాచుకోవడమూ అంతే.

అది అమ్మగారు కనిపెట్టారు. ఒకరోజు ప్రార్థనయ్యాక పక్కకి పిలిచి, "రుద్దకమ్మా. అది మురికి కాదు. లోపలిదేదో బయటికి చెబుతోంది, వెళ్ళి అడుగుదాం పద," అన్నారు.

అమలాపురం ఆస్పత్రికి ఆవిడే వెంట వచ్చారు. నా ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా శరీరం దాని మాట వినడం లేదని డాక్టరమ్మ చెప్పారు. పీసీఓడీ ఉన్నవాళ్ళకి నెలసరి ఆగే వయసులో కూడా ఇది వదలదట. షుగరు వ్యాధి అనే గీతకి అంచున ఉన్నానన్నారు. మాత్ర రాశారు. అన్నం తగ్గించి పప్పు, గుడ్డు, కూరలు పెంచమన్నారు, తిన్నాక నడవమన్నారు. షుగరుతోనే మా అమ్మకి పాదం తీసేశారు. తిరుగు బస్సులో ఏడుస్తూ, మాత్రలెందుకండి, ప్రార్థన చేసుకుంటాను అన్నాను.

"చేసుకో. మాత్ర వేసుకుని చేసుకో," అన్నారు ఆవిడ, కిటికీలోంచి బయటికి చూస్తూ.

మాత్ర సులువే. అన్నం దగ్గరే నా వల్ల కాలేదు. వరి పండే ఊళ్ళో పుట్టినదాన్ని. కంచంలో అన్నం తగ్గితే ఏదో శిక్ష పడినట్టుండేది.

ఎసరు పెట్టేముందు మనమంతా దేవుడి పేర పిడికెడు బియ్యం తీసి గుడికిచ్చే సంచిలో వేస్తాం కదా. ఒక శనివారం ఆ సంచి కోసం అమ్మగారు మా ఇంటికి వచ్చేసరికి నేను బియ్యం కొలుస్తున్నాను. పిడికెడు తీసి సంచిలో వేశాను. అన్నం తక్కువవుతుందని డబ్బాలోంచి ఇంకో పిడికెడు గిన్నెలో పోశాను. మా అమ్మ అలాగే చేసేది, నేనూ అంతే.

"అదేంటమ్మా, ప్రభువుకిచ్చి మళ్ళీ తీసేసుకున్నావా?" అన్నారు నవ్వుతూ.

"అన్నం చాలదేమోనండి."

"చాలకపోనీ. ఇచ్చినట్టు ఎవరికో ఒకరికి తెలియాలి కదా. మీ ఆయనకి తెలియక్కర్లేదు. నీ కంచానికి తెలిస్తే చాలు."

"ఆయ్," అన్నాను.

ఆ పూట రెండో పిడికెడు పోయలేదు. ఆ లోటు నా కంచంలోనే పడేలా వడ్డించుకున్నాను. తగ్గించుకున్నాను అనుకుంటే ఏడుపొచ్చే అన్నమే, ఇచ్చాను అనుకుంటే ఏడుపు రాలేదు. కొన్నాళ్ళకి ఇంకాస్త పెద్ద పిడికెడు తీయడం అలవాటైంది.

తిన్నాక నడవడానికి బద్ధకిస్తే ఆవిడే వచ్చి గుమ్మంలో నిలబడేవారు. కాలవగట్టు మీద ఒక కీర్తన అందుకునేవారు. అది పూర్తయ్యేదాకా వెనక్కి తిరగనిచ్చేవారు కాదు. చరణాలు ఎక్కువున్న కీర్తనలే ఎంచుకుంటున్నారని నాకు చాలా రోజులకి గానీ తెలియలేదు.

జబ్బు పోలేదు. గడ్డం మీద వెంట్రుకలూ పోలేదు. కానీ కిందటి పరీక్షలో ఆ గీత దాటలేదన్నారు డాక్టరమ్మ, ఇలాగే ఉండమన్నారు. ఆ కబురు అమ్మగారికి చెప్పాను. అందరికీ తల మీద వేసే చెయ్యి నా మెడ మీద వేసి ప్రార్థించారు. ఎన్నో ఏళ్ళుగా నేను ఎవరినీ చూడనివ్వని చోటు అది.

కూడిక రోజు భోజనానికి ఆ సంచుల్లోని బియ్యమే వండాం. ఇంటింటి బియ్యం కలవడం వల్ల కొన్ని మెతుకులు పలుకుగా, కొన్ని మరీ మెత్తగా ఉడికాయి. నాకు సరిపడా తిని గట్టు మీదకి వెళ్ళాను. కొంగు భుజం మీదే ఉంచి, మనసులోనే ఒక కీర్తన పాడుకుంటూ ఆఖరి చరణం దాకా నడిచాను.

ఇవి మన ఆడవాళ్ళ మాటలు. చదివాక ఎవరికీ చూపించకండి, పారెయ్యనూ వద్దు. మీ బియ్యం డబ్బా అడుగున పెట్టుకోండి. డబ్బా నిండుగా ఉన్నన్నాళ్ళూ కనబడవు. బియ్యం తరిగిపోయి, పిడికెడు తీయబోయిన చెయ్యి అడుక్కి తగిలిన రోజున, వేళ్ళ కింద కాగితం చప్పుడవుతుంది.