పాపకు నీళ్ళు పోసే కాళ్ళు

మా ఊళ్ళో పసిపిల్లకి నీళ్ళు పోయాలంటే ముందు కాళ్ళు బాగుండాలి. పెరట్లో చప్టా మీద పీట వేసుకుని కూర్చుని, చీర మోకాళ్ళ పైకి లాక్కుని, రెండు కాళ్ళూ జతగా ముందుకు చాపాలి. నూనె రాసిన బిడ్డని వాటి మీద వెల్లకిలా పడుకోబెట్టి రుద్దుతారు. తర్వాత బోర్లా తిప్పి వీపు రుద్దుతారు. పక్కన ఒకరు నిలబడి చెంబుతో నీళ్ళు అందిస్తారు. అయ్యాక బిడ్డకి సాంబ్రాణి పొగ వేసి పడుకోబెడితే మధ్యాహ్నం దాకా లేవదు.

మా వీధిలో నా చేత్తో నీళ్ళు పోయించుకున్న పిల్లలు చాలామందే ఉన్నారు. ఇప్పుడు వాళ్ళకి మీసాలొచ్చి సముద్రం మీద వేటకి వెళ్తున్నారు. ఎదురుపడితే, "నీ రుద్దుడికే అత్తా, నా ముక్కు సప్పిడైపోనాది" అని ఆటపట్టిస్తారు. వాళ్ళ అమ్మలే వచ్చి నన్ను పిలిచేవాళ్ళు. పొద్దున్నే రేవులో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్ముకొచ్చేదాన్ని. అయినా దారిలో ఆగి ఏ బాలింత పిలిచినా కాదనకుండా నీళ్ళు పోసి ఇంటికొచ్చేదాన్ని. ఆ పని నాకు సరదా. అందులో నాకు పొగరు కూడా ఉండేది.

ఆ తర్వాత బోదకాలు వచ్చింది. ముందు గజ్జల్లో బిళ్ళ కట్టి చలిజ్వరం, తర్వాత ఎడమ పాదం మీద వాపు. నాలుగు రోజులకి తగ్గింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ తగ్గింది. ఒకసారి వచ్చి ఇంక వెళ్ళలేదు. ఏటా ఆస్పత్రివాళ్ళు ఊళ్ళోకి బోదకాలు రాకుండా మాత్రలు పట్టుకుని వస్తే, మాకేం రోగమని చెంగున ముడేసుకుని పారేసినవాళ్ళం మేమంతా. ఆస్పత్రిలో డాక్టరు మందులిచ్చాడు, బుద్ధిగా మింగాను. చివరికి ఆయన, "పురుగు చచ్చిపోయిందమ్మా, కాలు మాత్రం ఇంతే" అన్నాడు. ఇల్లు తగలబెట్టినవాడు పోయాడు, నువ్వు బూడిదలో కాపురం చేసుకో అన్నట్టు వినిపించింది నాకు. గంప ఎత్తడం మానేశాను. ఆటోలు ఆగే చోట గోనెపట్టా వేసుకుని ఎండుచేపలు అమ్ముతున్నాను. పిల్లలకి నీళ్ళు పోయమని పిలుపులు కూడా ఆగిపోయాయి. ఎవరూ ఒక్క మాట అనలేదు. మెల్లగా వేరేవాళ్ళని పిలుచుకోవడం మొదలుపెట్టారు, అంతే.

నేను ఆ కాలిని "అది" అనేదాన్ని. అది నొప్పెడుతోంది, అది బరువుగా ఉంది, దాని పని పట్టాలి. ఇంట్లో దాని గురించి ఎవరైనా అడిగితే కసిరేదాన్ని. నా భర్త ఒకసారి నూనె రాయబోతే చెయ్యి తోసేశాను.

కిందటేడు మా అమ్మాయి కడుపుతో ఉందని కబురొచ్చింది. దాన్ని నెల్లిమర్లలో ఇచ్చాం. తొలి కాన్పు, పురిటికి మా ఇంటికే వస్తుంది. అది ఫోన్‌లో, "అమ్మా, నా బిడ్డకి నువ్వే నీళ్ళు పొయ్యాల" అంది. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు వేరే ఆలోచన లేదు. ఊళ్ళో పిల్లలందరికీ పోశాను, నా కూతురి బిడ్డకి ఇంకొకరు పోస్తే నేను బతికుండి ఏం లాభం?

అందుకని కాలిని శుభ్రం చేద్దామని కూర్చున్నాను. శుభ్రం చేయడమంటే పీచు పెట్టి తోమడం. మడతల్లో నల్లగా పేరుకున్న చర్మం పోవాలని, వాసన పోవాలని, అంట్లగిన్నె అడుగు తోమినట్టు తోమాను. మంటెత్తితే ఇంకా కసిగా తోమేదాన్ని. నన్నింత బాధ పెట్టినదానికి ఆ మాత్రం బాధ ఉండాలనిపించేది. పుళ్ళు పడ్డాయి. జ్వరం తిరగబెట్టింది. వాపు ఇంకా పెరిగింది.

ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ చూసి అడిగింది. "ఏటమ్మా ఇది? ఎవులు సేసినారు?"

"నానే."

"ఇంకెవులైనా సేసుంటే పోలీసులకి సెప్పీదాన్ని. నీ మీద నీకు ఏటంత పగ?"

ఆమె మా పక్క ఊరి పిల్లే. బేసిన్ తెచ్చి, చల్లటి నీళ్ళలో సబ్బు నురగ చేసి, వేలి చివరతో ఒక్కొక్క మడతా ఎలా కడగాలో చూపించింది. వేళ్ళ మధ్య తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్దాలట, రుద్దకూడదట. రాత్రి కాలి కింద దిండు పెట్టుకోవాలట. "నీ మీద నీకు జాలుండాల అమ్మా" అంది నేను వచ్చేసేటప్పుడు. జాలి నాకు ఊళ్ళోవాళ్ళు కావలసినంత పెడుతున్నారు, నేను కూడా వండుకోవాలా అన్నాను. ఆమె నవ్వింది. ఆ సాయంత్రం నా ఫోన్‌కి ఒక పువ్వుల బొమ్మ పంపింది, మీద "నిన్ను నువ్వు ప్రేమించుకో" అని రాసుంది. అలాంటి కాలిని ప్రేమించడం నావల్ల అయ్యే పని కాదు. కొట్టడం మానేయమంటే మానేయగలను, ఎందుకంటే బిడ్డకి నేనే నీళ్ళు పోయాలి.

మానేశాను. మా మామగారి పాత పొందూరు పంచె మెత్తగా అయిపోయి ఉంటే, చాలా ముక్కలు పుట్టబోయే బిడ్డ కోసం దాచి ఒక ముక్క కాలికి తీసుకున్నాను. పొద్దునా సాయంత్రం కడిగాను, అద్దాను, మందు రాశాను. ప్రేమేమీ పుట్టలేదు. పొరుగింటివాళ్ళ గేదెకి మేత వేసినట్టు చేశాను. కానీ పుళ్ళు మానాయి. వాసన పోయింది. కాన్పు నెల వచ్చేసరికి జ్వరం జాడ లేదు. వాపు మాత్రం అలాగే ఉంది. అయినా నాకు ఆశ పుట్టింది. ఆ ఆశ పుట్టకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆడపిల్ల పుట్టింది. బొడ్డూడాక నీళ్ళు పోసే రోజు మా వియ్యపురాలు నెల్లిమర్ల నుంచి వచ్చింది. మంచి మనిషి, మాటలో వెటకారం లేదు. నన్ను పక్కకి పిలిచి నెమ్మదిగా అంది.

"వొదినా, తప్పుగా అనుకోకండి. పసిగుడ్డు కదా. అంటుకుంటాదేమోనని భయం."

"ఇది నానంటిస్తే అంటుకోదు వొదినా. దోమ కుట్టాల. నాను కుట్టను కదేటి!"

ఆమెకి నవ్వాగలేదు. గుమ్మంలోంచి మా అమ్మాయి కూడా అరిచింది. "మా అమ్మే పోస్తాది. నర్సమ్మని అడిగినాను, ఏటీ కాదని సెప్పింది." వియ్యపురాలు సరేనంది. నేను గెలిచాననుకున్నాను. ఇన్నాళ్ళూ నేను భయపడింది ఆ ఒక్క మాటకే. అది దాటాక ఇంక అడ్డేముంది?

పీట వేసుకున్నాను. చీర పైకి లాక్కున్నాను. అందరి ముందూ ఆ కాలిని అలా చాపడం వ్యాధి వచ్చాక అదే మొదలు. సిగ్గుపడలేదు. మా అమ్మాయి పాపని తెచ్చి నా కాళ్ళ మీద పెట్టింది.

పాప పక్కకి జారింది.

సర్ది పడుకోబెట్టాను. మళ్ళీ జారింది. ఎడమకాలు అంత ఎత్తుగా, కుడికాలు ఇంత పల్లంగా ఉంటే నూనె రాసిన పిల్ల ఎక్కడ ఆగుతుంది? కుడికాలి కింద తువ్వాలు మడిచి పెట్టాను. ఎత్తు సరిపోయింది కానీ రెండు కాళ్ళూ దగ్గరికి రాలేదు, నడుమ సందు ఉండిపోయింది. ఒక చేత్తో పాపని పట్టుకుని ఇంకో చేత్తో రుద్దబోయాను. చెంబెడు నీళ్ళు పడగానే పాప కుడిపక్కకి దొర్లిపోయింది. వియ్యపురాలు గభాలున వంగి రెండు చేతులా అందుకుంది. పాప గుక్కపట్టి ఏడ్చింది.

"పర్లేదొదినా, రేపు సూద్దాం" అంది వియ్యపురాలు.

"రేపూ ఇదే కాలు" అన్నాను.

మా అమ్మాయి గోడకి ఆనుకుని ఏడుస్తోంది. "నీకేటే ఏడుపు? నీ బిడ్డకి నీళ్ళు పోసీవోళ్ళు ఉన్నారు" అని కసిరాను. లేచి పీట వియ్యపురాలికి ఇచ్చాను. ఎవరైనా అసహ్యించుకుని ఉంటే వాళ్ళతో పోట్లాడేదాన్ని. ఇందులో పోట్లాడడానికి మనిషి లేడు. నర్సమ్మ చెప్పినట్టల్లా చేశాను, కడిగాను, ఆరబెట్టాను, తోమడం మానాను. దానికి చేతనైనంత అది కూడా మానింది. అంతకుమించి దానివల్ల కాదు.

వియ్యపురాలు సన్నగా, సమానంగా ఉన్న రెండు కాళ్ళు చాపింది. పాప కుదురుగా పడుకుని ఏడుపాపింది. నేను పక్కన నిలబడి చెంబుతో నీళ్ళు అందించాను. కాళ్ళ మీద పడుకున్న పిల్లకి తనని రుద్దే మనిషి ముఖమే కనిపిస్తుంది. పాప కళ్ళార్పకుండా ఆవిడనే చూస్తోంది. ఆవిడ ఏదో ఊసులు చెబుతోంది. ఆ ఊసులు నావి కావలసినవి. ఆ మంచి మనిషి మీద నాకు అప్పుడు ఎంత ఏడుపొచ్చిందో చెప్పలేను.

వియ్యపురాలు మా ఇంట్లోనే ఉండిపోయింది, పురిటి రోజులన్నీ అలాగే గడిచాయి. పొద్దున్న కాగు నింపేదాన్ని, నీళ్ళు అందించేదాన్ని. పని అయ్యాక వాళ్ళు పాపని సాంబ్రాణి పొగకి లోపలికి తీసుకెళ్ళేవాళ్ళు. నేను పెరట్లో ఒక్కదాన్నీ ఉండిపోయేదాన్ని. కాగులో అడుగున చల్లారిపోయిన నీళ్ళు కాసిన్ని మిగిలేవి. పీట మీద కూర్చుని ఎడమకాలు చాపుకునేదాన్ని. తోమి పారేద్దామన్నంత కోపం వచ్చేది. అయినా సబ్బు నురగ చేసి, వేలి చివరతో మడత మడతా కడిగి, నొప్పి తగలకుండా అద్దేదాన్ని. ఆ ఇంట్లో నేను నీళ్ళు పోయగలిగింది దానికొక్కదానికే.