తొక్కుడు విమానం

ఆ రోజుల్లో ధర్మవరంలో ఒక పైలట్ ఉందన్న సంగతి నాకు ఒక్కదానికే తెలుసు. ఇంట్లోనే ఉండి డిగ్రీ చదువుతూ, పొద్దున పూట నాయనతో పాటు మగ్గం మీద పట్టుచీర నేస్తూ, మధ్యాహ్నం అన్నం తిన్నాక పుట్టపర్తిలో విమానం లేపుకుని, పెనుకొండ మీదుగా హిందూపురం దాకా పోయి, టీ వేళకు తిరిగొచ్చేసేదాన్ని. ఇదంతా మా నడవలో బియ్యం మూటల పక్కన, ఒక పాత కంప్యూటరు ముందు జరిగేది. ఇప్పటి పిల్లలు ముఖానికి ఏదో తగిలించుకుంటే చాలు, తల ఎటు తిప్పినా ఆకాశమేనట. నా ఆకాశం మాత్రం జానా బెత్తెడు తెర. అయినా సరే, ఎవరైనా దాన్ని ఆట అంటే నాకు ఒళ్ళు మండిపోయేది. (సిమ్యులేటర్ అనాలి. మా అమ్మ చివరిదాకా 'ఆ విమానం డబ్బా' అనే అనేది.)

ఆ డబ్బాను తయారుచేసి ఇచ్చింది మా చిన్నాన్న. ఆయనకు హిందూపురం బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి ఉండేది. ఎక్కడెక్కడి పాత సామాన్లో తెచ్చి కంప్యూటరు కూర్చాడు, చేతితో తిప్పే కర్రను బెంగుళూరు నుంచి తెచ్చాడు. ఇక మిగిలింది పెడళ్ళు. విమానంలో కాళ్ళ దగ్గర రెండు పెడళ్ళుంటాయి, తోకనున్న చుక్కానిని తిప్పేవి అవే. చిన్నాన్న చుట్టూ చూశాడు. మా ఇంట్లో విప్పేసిన పాత మగ్గం ఒకటి మూలన పడి ఉంది. దాని కింద కాళ్ళతో తొక్కే చెక్కలు రెండూ ఊడదీసి, వాటి కింద కీబోర్డు మీటలు అమర్చాడు. చెక్క తొక్కితే మీట పూర్తిగా నొక్కుకుంటుంది, వదిలితే లేస్తుంది. కొంచెం తొక్కడం, సగం తొక్కడం అనే మాటే లేదు. నా కాళ్ళకు ఇందులో కొత్తేమీ కనబడలేదు. ఎడమ, కుడి, ఎడమ, కుడి. చీర నేసినట్టే విమానం నడిపేదాన్ని, తోక వంకరపోతే కంప్యూటరే పాపం సర్దుకునేది.

"ఏం పాపా, అచ్చం నిజం విమానం మాదిరే ఉండాది కదా" అన్నాడు చిన్నాన్న. "అచ్చం అట్లే ఉండాది" అన్నాను. అప్పటికి మా ఇద్దరిలో ఎవరమూ విమానం ఎక్కలేదు కాబట్టి అభిప్రాయభేదం రాలేదు.

నాకు రోజూ ఒక ప్రయాణికురాలు ఉండేది, మా అవ్వ. వెనకాల పీట వేసుకుని వక్కాకు నములుతూ కూర్చునేది. పెనుకొండ దగ్గరికి రాగానే "కోట యాడ?" అని అడిగేది. కంప్యూటరులో పెనుకొండ అంటే ఒక నున్నటి మట్టిదిబ్బ, కోట లేదు, గోడ లేదు. "ఇందులో కోట పెట్టలేదవ్వా" అనేదాన్ని. "మన ఇల్లన్నా చూపీ" అనేది. ధర్మవరం ఉండాల్సిన చోట గోధుమరంగు మైదానం, అక్కడక్కడా ఏ దేశానివో ఎర్రకప్పుల ఇళ్ళు. అవ్వ చాలాసేపు తేరిపార చూసి, "మన ఊరే లేకపోతే యాడికి దిగుతావే?" అంది. వెంటనే, ప్రయాణికులు పైలట్‌తో మాట్లాడకూడదని రూలు పెట్టాను.

నాయన మాత్రం వచ్చి నిలబడి చూసి పోయేవాడు. నేను పైలట్ కోర్సుకు పోతానని చెప్పిన రోజు మగ్గం దిగి వచ్చి డబ్బా చుట్టూ ఒకసారి తిరిగాడు. తరువాత అన్నాడు, "ఈ డబ్బాలో నేర్చిందాంతో నిజం విమానం నడుస్తాదా పాపా?"

"నడుస్తాది నాయనా. పెద్ద పెద్ద పైలట్లు కూడా సిమ్యులేటర్ మీదే నేర్చుకుంటారు" అన్నాను. (వాళ్ళ సిమ్యులేటర్ ఒక ఇల్లంత ఉంటుందని, మొత్తంగా కదులుతుందని చెప్పలేదు. అడగలేదు కదా.)

"అయితే ఒగసారి నిజం విమానం ఎక్కి చూపీ. ఆడుండే సారు అయితాదంటే అయితాది. కాదంటే మగ్గం ఉండనే ఉండాది."

బెంగుళూరు అవతల ఒక చిన్న ఫ్లయింగ్ స్కూలు ఉందని చిన్నాన్న కనుక్కున్నాడు. ఒక్కసారి పైకి తీసుకుపోయి, పనికొస్తారో లేదో చెప్పి దింపుతారట. నాయన పెళ్ళిళ్ళకు వేసుకునే తెల్ల చొక్కా వేసుకున్నాడు. నేను దారి పొడుగునా రైలు కిటికీ పక్కన కూర్చుని, విమానం లేపేటప్పుడు చేయాల్సిన పనులన్నీ వరసగా గొణుక్కుంటూ పోయాను. ఎదుటి సీటావిడ నేనేదో స్తోత్రం చదువుతున్నాననుకుని కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

అక్కడి సారుకు దట్టమైన తెల్లమీసాలు. నేను మనసులో మీసాల సారని పేరు పెట్టుకున్నాను. ఆయన తెలుగు మాట్లాడినా కన్నడంలా వినబడేది. "ముందు యావాగైనా నడిపినావేనమ్మా?" అని అడిగాడు. "రెండేళ్ళ నుంచి నడుపుతున్నా సార్" అన్నాను. ఆయన మా నాయన వైపు చూశాడు. నాయన ఆకాశం వైపు చూశాడు.

మొదట అంతా బ్రహ్మాండంగా జరిగింది. ఇంజను వేసేముందు చూసుకోవాల్సినవన్నీ కాగితం చూడకుండా అప్పజెప్పాను. రేడియోలో మాట్లాడాల్సిన మాటలు తడుముకోకుండా మాట్లాడాను. మీసాల సారు మీసం ఒక పక్క లేచింది. "ఇదంతా ఎవరు చెప్పిచ్చిరి?" అన్నాడు. "ఇంట్లోనే సార్" అన్నాను, కొంచెం గొంతు పెంచి. నేల వదిలిన క్షణాన నా అంత గొప్పది భూమ్మీద లేదనుకున్నాను. నిజానికి భూమ్మీద లేను కూడా.

విమానం నా చేతికిచ్చిన కాసేపటికి ఆయన అడిగాడు, "మెడ నొప్పా అమ్మా?"

"లేదు సార్."

"మరి తల యాకె తిప్పలేదు నువ్వు? ఎందుకని?"

అప్పుడు తెలిసింది, నేను ఎదురుగా ఉన్న గడియారాల్లాంటి మీటర్ల మీది నుంచి చూపు తిప్పనేలేదని. ఇంట్లో తెర దాటి చూస్తే బియ్యం మూటలు తప్ప ఏముంటాయి? సారు ఒక పాత న్యూస్‌పేపరు మడిచి మీటర్లన్నీ కప్పేశాడు. "ఇప్పుడు నడుపు" అన్నాడు. తలెత్తితే, అమ్మో, ఎంత ఆకాశం. అటు ఉంది, ఇటు ఉంది, వెనకా ఉంది. కింద చెరువులు, కొబ్బరితోటలు, అన్నీ నిజంవి. ఇంతలో వేడిగాలి కింది నుంచి ఒక్క తన్ను తన్నింది. మా నడవలో గాలికి ఇంత బలముంటుందని ఎవరూ చెప్పలేదు.

"అదో ఆ రోడ్డు మీద ముక్కు పెట్టి నేరుగా పో. మెల్లగా" అన్నాడు సారు. నేను కాళ్ళు ఆడించాను. ఎడమ, కుడి, ఎడమ, కుడి, అడుగంటా. విమానం ఈగలు తోలుకునే గేదె తోకలా అటూ ఇటూ ఊగింది. సారు గబుక్కున తన వైపు పెడళ్ళు తొక్కిపట్టాడు.

"ఏమమ్మా, కుట్టుమిషన్ తొక్కుతా ఉన్నావా?"

"కాదు సార్, మగ్గం" అన్నాను. నోరు జారింది.

మళ్ళీ ఇచ్చాడు. మళ్ళీ ఊగింది. నా కాళ్ళు నా మాట వినడం లేదు. మెత్తగా తొక్కాలనుకుంటాను, కాలు ఆఖరుదాకా పోతుంది. ఆఖరుకు సారే విమానం దింపాడు. నేను నేర్చుకున్నానో, ఉత్తినే ఆడుకున్నానో నాకే అర్థం కాలేదు. నాయన నీడలో నిలబడి నా ముఖం చూశాడు. అయితాదా అని సారును అడిగాడు.

"నోరు తయారుంది, చెవి తయారుంది" అన్నాడు సారు. "మాటలు, వరస నేర్పేదానికి నాకు నెలలు పడతాయి. అవి ఇంట్లోనే నేర్చేసింది. కళ్ళు నేను బయటికి తిప్పిస్తా. కాళ్ళే కష్టం. చానా గట్టిగా పడిపోయింది అలవాటు. అంతా ఆ కంప్యూటర్ పని."

నేను తల దించుకున్నాను. మగ్గం ఉండనే ఉండాది అన్న మాట చెవిలో మోగుతోంది.

"కంప్యూటరు కాదు సార్" అన్నాడు నాయన. "ఆ కాళ్ళకు నేర్పింది నేను. చిన్నప్పటి నుంచి మగ్గం మీద కూకబెట్టినా. నేర్పినోన్ని నేనే మానిపిస్తా. మానిపిస్తే అయితాదా?"

"మానితే అవుతాది" అన్నాడు సారు.

తిరుగు ప్రయాణంలో హిందూపురం స్టేషన్లో నాయన వేరుశనక్కాయలు కొనిచ్చాడు. మరుసటి రోజు పొద్దున అలవాటు ప్రకారం పోయి మగ్గం మీద కూర్చున్నాను.

"దిగు" అన్నాడు నాయన.

"ఎందుకు నాయనా?"

"కాళ్ళు చెడిపోతాయి."

మా వీధిలో ఆ మాట అంతవరకు ఎవరూ, ఎవరితోనూ అని ఉండరు. మగ్గం మీద సగం నేసిన పెళ్ళిచీర ఉంది. ముహూర్తం దగ్గరపడుతోంది. సాయం లేకుండా నాయన ఒక్కడే కూర్చుని దాన్ని ముగించాడు, ఆ తరువాత వచ్చినవన్నీ కూడా. నడుము నొప్పి అని అమ్మతో అనేవాడు, నాతో అనేవాడు కాదు. చిన్నాన్న వచ్చి ఆ చెక్కలు తీసేసి, స్ప్రింగులు పెట్టి, మెత్తగా తొక్కితేనే కదిలే పెడళ్ళు చేసిచ్చాడు. (ఫీజులకు పడ్డ పాట్లు వేరే కథ. అందులో హాస్యం లేదు కాబట్టి ఇక్కడ రాయను.)

ఇప్పుడు నేను నిజం విమానాలే నడుపుతున్నాను. ఇంట్లో సిమ్యులేటర్ పెట్టుకున్న పిల్లలు అడుగుతుంటారు, "అక్కా, ఇది పనికొస్తుందా?" అని. వస్తుంది, నిక్షేపంగా వస్తుంది, కాకపోతే అప్పుడప్పుడూ తల తిప్పి బియ్యం మూటల వైపు కూడా చూస్తుండండి అంటాను. వాళ్ళకు అర్థం కాదు, మర్యాదకు నవ్వుతారు.

సెలవుకు ధర్మవరం పోయినప్పుడు, నాయన బజారుకు పోయిన వేళ చూసి మగ్గం మీద కూర్చుంటాను. ఎంతసేపు కూర్చుంటాను, నాలుగు పోగులు వేసేలోపల గుమ్మంలో ఆయన గొంతు వినబడుతుంది.

"డ్యూటీ ఎప్పుడు?"

"సోమవారం నాయనా."

"అయితే దిగు."

"ఇన్నేండ్లయింది, ఇప్పుడు నా కాళ్ళకు రెండూ తెలుసు నాయనా."

"నీ కాళ్ళకు తెలిసినా నాకు బయమే."

దిగుతాను. దిగి, నేను వేసిన పోగులు ఒకసారి చూసుకుంటాను. ఆ రోజుల్లో నా చేతిలో చీర తిన్నగా వచ్చేది, విమానం వంకరగా పోయేది. ఇప్పుడు విమానం తిన్నగా పోతోంది. నవ్వొస్తుంది, లోపల ఎక్కడో కొంచెం కలుక్కుమంటుంది కూడా. నాయన నా పక్క నుంచి మగ్గం మీదికి ఎక్కి, ఆ వంకర పోగులు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెడతాడు.